మా బావ చెప్పిన క్రేన్ పురాణం

ఇది మహాకావ్యం కావలసిన కథ. సముద్రం, పడవ, ప్రాణగండం అన్నీ ఉన్నాయి. కానీ నాయకుడు మా బావ కాబట్టి కాలేదు.

మాది విశాఖలో చేపలవేట మీద బతికే కుటుంబం. కిందటేడు మా పడవ అడుగు బాగుచేయడానికి దాన్ని క్రేన్‌తో ఒడ్డుకి ఎత్తిస్తున్నాం. మాకున్నది అదొక్కటే. క్రేన్ రొదలో కేకలు వినపడవు గనక డ్రైవరు కింద నిలబడ్డ నాన్న చేతి సైగలు చూసే నడుపుతాడు.

పెందుర్తిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే మా అక్క మొగుడు సరిగ్గా అప్పుడే నాన్న పక్కన చేరాడు.

“క్రేన్ అంటే అసలు కొంగ మామా! మెడ సాచి సూడ్డాన్ని కూడా క్రేనే అంటారు. ఈ మిషన్‌కి ఆ పేరెందుకొచ్చిందంటే...” అంటూ చెయ్యెత్తి కొంగ మెడలా పక్కకి వంచాడు.

డ్రైవరు దాన్ని సైగ అనుకున్నాడు. పడవ ఊగుతూ మా నెత్తిమీదకి వచ్చింది.

“ఏటి అల్లుడూ ఆ సెయ్యి!” అని నాన్న అరిచాడు.

“ఉండు మామా, గ్రీకులో కూడా...”

నాన్న పిడికిలి ఎత్తాడు. అది ఆపమనే సైగ. క్రేన్ ఆగింది. తననే కొడతాడనుకుని బావ పరుగు తీశాడు.

కొంగకీ క్రేన్‌కీ చుట్టరికం తెలిసిన పండితుడికి నెత్తిమీద పడవ వేలాడుతోందని తెలీలేదు. అంత చదువు నాకొద్దు.

పడవకేం కాలేదు. అడుగున పట్టిన గుల్లలన్నీ గీకి రంగు వేశాం.