ప్రకాశమన్న బండి ఎందుకు స్టార్ట్ కాదు

హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో ముప్పై ఏళ్లుగా బైకులు బాగుచేస్తున్నాను. ఒక్క బండిని మాత్రం చేతులారా పాడుచేశాను. అది ప్రకాశమన్నది. తిట్టాలనుకునేవాళ్లు తిట్టుకోండి, నేను కాదనను. ముందు ఆయనెవరో వినండి.

ప్రకాశమన్న ఇల్లు నా షాపుకు రెండు గల్లీల అవతల. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన వంద సీసీ బండి కొన్న కొత్తలోనే నేను షాపు పెట్టాను. మొదటిసారి వచ్చినప్పుడు కార్బురేటర్ విప్పి, జెట్‌లో గుండుసూది పెట్టబోయాను. జెట్ అంటే ఇంజన్‌కు పెట్రోల్ అందించే చిన్న ఇత్తడి ముక్క. దాని రంధ్రం వెంట్రుక దూరేంత ఉంటుంది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"సూది వెడితే రంధ్రం పెద్దగైతది తమ్మీ. కరెంటు వైర్ల రాగి పోగు ఉంటది సూడు, అది వెట్టు. మెత్తగుంటది."

నాకు ఒళ్లు మండింది. కస్టమర్ వచ్చి నాకు పని నేర్పుతాడా అనుకున్నాను. నేర్పాడు మరి. ఆ రోజు నుంచి నేను ఏ జెట్‌లోనూ సూది పెట్టలేదు.

బస్తీలో మిక్సీ ఆగినా, నీళ్ల మోటారు మొరాయించినా ఆయన్నే పిలిచేవాళ్లు. చాయ్ తప్ప ఏమీ తీసుకునేవాడు కాదు. ఏ వస్తువైనా పాడైందంటే జాలిపడడు, దాచడు, ఎక్కడ పాడైందో వేలు పెట్టి చూపిస్తాడు. అదే ఆయన మర్యాద. ఆదివారం పొద్దున బండి తుడిచి, భార్య నీలమ్మక్కను వెనక కూర్చోబెట్టుకుని చర్చికి వెళ్లేవాడు. చివరి ఏడాదంతా ఆమె దారి పొడుగునా "ఎడమకు పోనియ్యి, ఇగ కుడికి తిప్పు" అంటూనే ఉండేది. ఫలక్‌నుమాలోని ఆ చర్చికి ముప్పై ఏళ్లు తిరిగిన మనిషికి దారి చెప్పడమేమిటని మేమంతా నవ్వుకునేవాళ్లం. మా నవ్వుల్లో మన్నుపడ.

నీలమ్మక్క కిడ్నీలు చెడి ఏడు నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. నిరుడు రంజాన్ నెలలో పోయింది. ఆ ఏడు నెలలూ బండి గోడ పక్కన కదలకుండా నిలబడిపోయింది. ఆమె పోయిన నలభై రోజులకు ప్రకాశమన్న దాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

నిలబెట్టిన బండిలో పెట్రోల్ ఆరిపోయి గోధుమరంగు జిగురవుతుంది. ఈ బండిలో జెట్లు రెండూ ఆ జిగురుతో మూసుకుపోయాయి. కార్బురేటర్ విప్పి కడిగాను, రాగి పోగుతో రంధ్రాలు తీశాను, ట్యాంకులో పాత పెట్రోల్ పారబోసి కొత్తది పోశాను. మూడో కిక్కుకు అందుకుంది. ప్రకాశమన్న నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను చాలా గొప్పపని చేశాననుకున్నాను.

ఆ రోజు ఆయన ఇంటికి చేరలేదు. మర్నాడు పొద్దున శ్రీశైలం రోడ్డు మీద దొరికాడు. పెట్రోల్ అయిపోయిన బండి పక్కన, లారీలు పోయే రోడ్డు అంచున కూర్చుని ఉన్నాడు. నేనూ ఆయన కూతురు స్వీటీ ఆటోలో వెళ్లాం.

"నీలమ్మను చర్చి కాడ దించిన. మల్ల తీస్కరావాలె. చర్చి దొర్కుతలేదు," అన్నాడు.

మతిమరుపు జబ్బని డాక్టరు చెప్పాడు. రెండేళ్ల కిందే మొదలై ఉంటుందట. అప్పుడు అర్థమైంది నాకు, నీలమ్మక్క దారి ఎందుకు చెప్పేదో. భర్త పరువు పోకుండా వెనక కూర్చుని నెట్టుకొచ్చింది ఆ తల్లి.

వారం తర్వాత స్వీటీ షాపుకు వచ్చింది. ఒక బళ్లో టీచరు, గట్టి పిల్ల. ఆ రోజు మాత్రం కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తాళం దాస్తే వైర్లు కలిపి స్టార్ట్ చేస్తుండు కాకా. అమ్ముదామంటే అన్నం ముట్టుతలేడు. బండి ఖరాబైందని నువ్వు చెప్పు. నువ్వు చెప్తేనే నమ్ముతడు."

"అబద్ధం నాతోని చెప్పిస్తవా బిడ్డా?"

"ఈసారి దొరకకపోతే ఏం జెయ్యాలె కాకా?"

మర్నాడు వాళ్లింటికెళ్లి, చూస్తానని చెప్పి కార్బురేటర్ విప్పాను. ప్రకాశమన్న చాయ్ తేవడానికి లోపలికి వెళ్లగానే రెండు జెట్లలోనూ బట్టల సబ్బు కూరాను. సబ్బు పెట్రోల్‌కు కరగదు. ట్యాంకు కారితే మేం రుద్దేది అదే. ఆయన చాయ్ తెచ్చాడు.

"జెట్లు పోయినయన్నా. ఈ మోడల్‌వి ఇప్పుడు వస్తలేవు. ఆర్డర్ వెట్టిన. వారం పడ్తది."

"సరే తమ్మీ," అన్నాడు. నేను చాయ్ గ్లాసు అక్కడే పెట్టి సామాన్లు సర్దుకున్నాను.

ఇక రోజూ షాపుకు వచ్చి అడిగేవాడు, నేను వారం అనేవాణ్ని. నెల గడిచింది. ఒకరోజు వచ్చి, నా బెంచీ మీద చేతిరుమాలు పరిచి, తానే విప్పి తెచ్చిన రెండు జెట్లు పెట్టాడు. రోజులు మరిచిపోయిన మనిషి చేతులు పని మరిచిపోలేదు.

"జిగురు గోధుమరంగుంటది. ఇది సబ్బు. సబ్బు దానంతటది జెట్లకు రాదు తమ్మీ. ఎందుకు వెట్టినవ్?"

చెప్పేశాను. శ్రీశైలం రోడ్డు, డాక్టరు చెప్పిన జబ్బు, నీలమ్మక్క పోయిన సంగతి, స్వీటీ ఏడుపు, అన్నీ చెప్పేశాను.

"నా జబ్బు నీలమ్మకు ఎరుకేనా?"

"ఎరుకే అన్నా."

ఒక జెట్‌ను తీసి వేళ్ల మధ్య తిప్పాడు. "ఆమె దాసింది. పిల్ల దాసింది. నువ్వు గూడ దాస్తివి. నేను ఫిట్టర్‌ని తమ్మీ. ఏది ఖరాబైందో చెప్తే ఒప్పుకోనా? మొత్తుకుంటనా? ఇగ నాకు అబద్ధం చెప్పకు. మాట ఇయ్యి."

మాటిచ్చాను. బండి కదలడం లేదని స్వీటీ తిరిగిచ్చిన తాళాన్ని జేబులోంచి తీసి ఆయనే నా చేతిలో పెట్టాడు. "నేను అడిగినా ఇయ్యకు," అన్నాడు. ఆయన వెళ్లాక షట్టరు సగం దించి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, కానీ గుండె తేలికైంది. నిజం ముందే చెప్పాల్సింది కదా, ఎంత మూర్ఖుణ్ని అనుకున్నాను.

మర్నాడు మళ్లీ వచ్చాడు. "బండి స్టార్ట్ అయితలేదు తమ్మీ. జర సూడు," అన్నాడు. నిన్నటిది ఏదీ ఆయన మొహంలో లేదు.

మాటిచ్చాను కదా. కూర్చోబెట్టి మళ్లీ నిజమే చెప్పాను. నిన్నటిలా ఒప్పుకుంటాడనుకున్నాను. నీలమ్మక్క పోయిందన్న మాట దగ్గర ఆయన ఆగిపోయాడు.

"నీలమ్మ పోయిందా? ఎప్పుడు? నాకెవ్వరూ చెప్పలే?"

నడిబజారులో, నా ఆయిల్ డబ్బాల మధ్య నేల మీద కూలబడి, అప్పుడే కబురు విన్న మనిషిలా ఏడ్చాడు. పక్క పంక్చర్ షాపు భాయ్ పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ఇద్దరం ఇంటికి తీసుకెళ్లాం. స్వీటీ ఆయన్ను లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టింది.

మూడో రోజు పొద్దున్నే వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు.

"బండి సంగతేంది తమ్మీ?"

"జెట్లు రాలేదన్నా. వారం పడ్తది."

"సరే, తొందరేం లేదు," అని స్టూలు మీద కూర్చున్నాడు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. రోజూ అడుగుతాడు, రోజూ వారం అంటాను. ఏది పాడైందో చెబితే ఒప్పుకుంటానన్న ప్రకాశమన్న నాకు ఒక్కరోజే కనిపించాడు. ఆయనకిచ్చిన మాట నేను రోజూ తప్పుతున్నాను, ఆయన రోజూ నా భుజం తట్టి ఇంటికి వెళ్తాడు.