బావ పథ్యం మీద పంచాయితీ

ఎండుచేపల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. వాసనలకు ముక్కు మూసుకునే వంశం కాదు మాది. అలాంటి నాకు ఆ రోజు మా అక్క ఇంటి అరుగు మీద ముక్కు మూసుకోవాలనిపించింది. చేపలను చూసి కాదు, చదువును చూసి.

గుడివాడలో కారు నడుపుతాను. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. ఆయన బడిలో ఉండిపోయారు, నేను బయటికొచ్చేశాను. జబ్బుల మీద పరిశోధన చేసే ఒక మేడమ్, ఒక సారు బందరులో దిగి, దివిసీమ పల్లెలకు వెళ్లడానికి నా కారు మాట్లాడుకున్నారు. వాళ్ల మనుషులు అంతకుముందే ఇంటింటికీ తిరిగి, ఎవరేం తింటారో అడిగి, బీపీ చూసి వెళ్లారు. ఆ లెక్కల్లో ఒక వింత తేలిందట. ఎండుచేపలు తినేవాళ్ల కంటే తిననివాళ్లకే బీపీ ఎక్కువ!

బందరు పొలిమేర దాటకముందే వెనకసీట్లో మొదలైంది.

"డాక్టరు ఉప్పు తగ్గించమన్నాక మానేసినవాళ్లు కదండీ వాళ్లు! జబ్బొచ్చి పథ్యం చేస్తున్నారు. పథ్యం వల్లే జబ్బొచ్చిందంటారా?" అన్నారు మేడమ్.

"ముందే జబ్బున్నవాళ్లని పక్కన పెట్టి కూడా చూశాను మేడమ్. తేడా తగ్గింది గానీ పోలేదు," అన్నారు సారు.

"ఎండుచేపలు తినేది వలలు లాగేవాళ్లు. బీపీ తగ్గింది చేప వల్లో, ఒంటి కష్టం వల్లో ఎలా విడదీస్తారు?"

"ఒకే పని, ఒకే వయసువాళ్లని జత చేసి పోల్చాను."

"మీరు అడిగినవాటికి జత కలిపారు. అడగనివాటి సంగతి?"

చల్లపల్లిలో కొబ్బరిబోండాలు కొట్టించాను. తాగడానికిచ్చిన స్ట్రాలతో కూడా ఒకరి ముఖం మీదికొకరు పొడుచుకుంటూ మాట్లాడారు. అప్పటిదాకా నాకూ సరదాగానే ఉంది. టికెట్టు లేని కుస్తీ కదా.

కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే మా అక్క ఊరు. వాళ్లు చూడాల్సిన పల్లెల్లో అదీ ఒకటి. బావకు ఆ వేసవిలో బీపీ పెరిగి, మూతి ఒకపక్కకు లాగి, కుడిచెయ్యి పడిపోయింది. ప్రాణం దక్కింది, చెయ్యి సగమే దక్కింది. ఇంకోసారి వస్తే మనిషి దక్కడని ఆసుపత్రిలో చెప్పారు. ఆనాటి నుంచి అక్క ఎండుచేప వండలేదు. అమ్మకానికి కట్టిన మూట అటక మీద ఉందని, ఇంట్లో ఉన్న నిచ్చెనని కూడా పక్కింట్లో దాచింది.

మేం వెళ్లేసరికి అక్క రేవుకు వెళ్లింది. బావ కుర్చీలు వేసి అడిగాడు. "అయ్యా, మా ఊరి పరీక్షల్లో ఏం తేలిందండీ?"

సారు మంచి మనిషి. ఆ మంచితనంతోనే కొంప ముంచారు. "ఎండుచేపలు తినేవాళ్లకి బీపీ తక్కువగా కనిపిస్తోందండీ. అయితే..."

ఆ 'అయితే' బావ చెవిదాకా చేరలేదు. "విన్నావా బామ్మర్దీ! ఇన్నాళ్లూ మీ అక్క నన్ను చప్పిడి కూడు పెట్టి చంపిందిరా!" అంటూ లేచాడు. నేను వద్దు వద్దంటున్నా పక్కింటి నుంచి ఒంటిచేత్తో నిచ్చెన ఈడ్చుకొచ్చాడు. అంత హుషారు నేను మళ్లీ చూస్తాననుకోలేదు. కాసేపటికి మూట కిందికి దిగింది, పొయ్యిలో నిప్పుల మీద చేపలు చిటపటమన్నాయి.

మేడమ్ సారు మీద విరుచుకుపడ్డారు. "ఆయనకి అలా చెప్పొచ్చాండీ?"

"ఉన్నదే చెప్పాను."

"ఉన్నది కాదు, కనిపించింది!"

మళ్లీ మొదలు. సారు అక్క ముగ్గుబుట్టలోంచి సుద్దముక్క తీసి, ఏది దేనికి కారణమో చూపిస్తూ అరుగు మీద బాణాలు గీశారు. వయసు నుంచి బీపీకి ఒకటి, పని నుంచి చేపకు ఒకటి. మేడమ్ ఆ సుద్ద లాక్కుని అడ్డంగా ఇంకో రెండు గీశారు. అక్క పొద్దున వేసిన ముగ్గు వాళ్ల చెప్పుల కింద నలిగిపోయింది. ఆ బాణాల్లో ఒక్కటీ బావ వైపు తిరగలేదు. ఆయన వాళ్ల వెనకే పీట వేసుకుని, కాల్చిన చేప ముల్లు తీసుకుంటున్నాడు.

అక్క అప్పుడే వచ్చింది. నిచ్చెన చూసింది, మొగుణ్ణి చూసింది, అరుగు చూసింది. తల మీది గంప దించకుండానే అడిగింది. "అమ్మా, నాకీ గీతలు తెలవవు. ఈయనకి ఇది పెట్టనా, మాననా?"

ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు. "అయ్యో, పెట్టొద్దండీ!"

ఒకే మాట, ఒకే గొంతు.

"ఆయనకి ఉప్పు ప్రమాదమేనండీ, అందులో మాకు గొడవే లేదు," అన్నారు సారు. "మేం తేల్చుకుంటున్నది ఊరి మొత్తం సంగతి," అని మేడమ్ వంత పాడారు.

అప్పుడనిపించింది నాకు ముక్కు మూసుకోవాలని. గొడవే లేని ముక్కను నోట్లో పెట్టుకుని, గొడవున్న ముక్క కోసం అంతసేపు గొంతు చించుకున్నారు. మనిషి వెనకాలే కూర్చుని నములుతుంటే వీళ్లకు వాసనైనా తగల్లేదు. తూ! మా పల్లెలో తాగి కొట్టుకునేవాళ్లు కూడా మధ్యలో పసిపిల్ల వస్తే ఆగుతారు.

అక్క బావ చేతిలోది పీకేసింది. ఒక చేప అప్పటికే లోపలికెళ్లిపోయింది. మిగిలిన మూట తెచ్చి నా కారు డిక్కీలో పడేసింది.

తిరుగుదారిలో ఇద్దరూ ముక్కులకు రుమాళ్లు కట్టుకుని, రుమాళ్లలోంచే మళ్లీ అందుకున్నారు. మోపిదేవి దగ్గర బావ ఫోను.

"బామ్మర్దీ, ఆ సారుని అడుగు. తక్కువన్నాడా, లేదా? అన్నాడంటే మూట రేపే తెచ్చెయ్."

కారు ఆపి, స్పీకరు పెట్టి ఫోను వెనక్కిచ్చాను. సారు గొంతు సవరించుకున్నారు. "చూడండీ, తక్కువన్న మాట నిజమే. అయితే..."

లాక్కున్నాను. "అయితే దాకా మా బావ ఆగడు సార్. తినొద్దని మొదలెట్టండి. బాణాలు బందరు దాకా వేసుకుందురుగాని."

సారు మేడమ్ వంక చూశారు. మేడమ్ కిటికీలోంచి బయటికి చూశారు.

"తినొద్దండీ," అన్నారు సారు.



"ఆ ముక్క పొద్దున్నే ఏడవొచ్చుగా," అన్నాడు బావ. "నాలిక్కి తగిలించాక చెప్తారా?"