జపమాల కంటే ముందొచ్చిన బడి

ఈ ఏడు స్కూలు బస్సు నడపలేమని ఫోనులో మెసేజ్ రాగానే మా మనవరాలు మూతి ముడిచింది. నాకేమో నరసరావుపేట దగ్గరి మా చర్చి సిస్టర్ల బడి, ఆ బడి గూడుబండిలో పరిచే వరిగడ్డి వాసన గుర్తొచ్చాయి. ఆ బండెక్కిన నా ఈడువాళ్లారా, మీకూ గుర్తుందా?

ఎడ్ల మేత ఖర్చు భరించలేక, ఒక ఆదివారం పూజ అయ్యాక, బండి ఆపేస్తున్నామని హెడ్ సిస్టరమ్మ చెప్పారు. "దారంతా జపమాల చెప్పుకుంటూ నడవండి. అది పూర్తయ్యేసరికి బడి వస్తుంది" అన్నారు.

మర్నాడు మిరపచేల గట్టు మీద నా నేస్తం శౌరమ్మ, "ఏమే, గబగబా చెప్పు, బడి తొందరగా వస్తది" అంది. నోటితోపాటు కాళ్లూ పరుగందుకున్నాయి. గేటు తీయకముందే చేరాం.

"అప్పుడే జపమాల అయిపోయిందా?" అన్నారు సిస్టరమ్మ.

"యాడమ్మా, సగమే అయింది. బడే ముందొచ్చింది" అంది శౌరమ్మ.

మిగతా సగం మెట్ల మీద మోకాళ్లూనించి చెప్పించారు, నవ్వాపుకుంటూనే.

రేపటి నుంచి మనవరాలిని నేనే నడిపించుకెళ్తాను. ఈసారి జపమాల మొత్తం పూర్తవుతుంది. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు.