చివర్లో పిలవాల్సిన పేరు

అరవైల నాటి మాట. విజయనగరంలో ఇల్లు వదిలి మూడు రోజులైంది. వచ్చిన పని కాలేదు, కంటిమీద కునుకు లేదు. నరసరావుపేటలో గుంటూరు పాసింజరెక్కి కిటికీకి తల ఆనించాను. మిరపకాయలు కోసి ఇళ్ళకు పోతున్న కూలీ ఆడవాళ్ళు ఎనిమిదిమంది ఎదుట కూర్చున్నారు. వాళ్ళ బట్టల ఘాటుకి నాకు ఒకటే తుమ్ములు. అది చాలదన్నట్టు వాళ్ళలో ఒక ముసలామె పాట ఎత్తుకుంది. చరణం చివర ఒకరిని పేరుపెట్టి పిలుస్తుంది, ఆ మనిషి జవాబుగా పాడుతుంది.

"కాస్త ఆపండమ్మా, తల పగిలిపోతోంది," అని విసుక్కున్నాను.

ఆపేశారు. ముసలామె పక్కనున్నావిడ వంక తెల్లబోయి చూసి, "ఎవరమ్మా నువ్వు?" అంది.

"నీ కూతుర్నేనే," అని ఆవిడ నావైపు తిరిగింది. "చేలో ఎవరూ వెనకబడకుండా వరసగా పేర్లు పిలుస్తూ పాడతామండి. అమ్మకి మతి పోయి రెండేళ్ళయింది. పాటలో అయితే అన్ని పేర్లూ వస్తాయి. వరసలో చివరిదాన్ని నేను. ఆ పిలుపు కోసమే వెంట తిప్పుకుంటున్నా."

నాకు సిగ్గేసింది. "మళ్ళీ పాడించమ్మా," అన్నాను.

"మధ్యలోంచి అందుకోలేదండి. మొదట్నుంచీ రావాలి."

మొదలుపెట్టారు. తలనొప్పి మరిచిపోయి ఒక్కో పేరూ విన్నాను. ఇంకో పేరు మిగిలుండగా నల్లపాడు వచ్చింది, వాళ్ళు దిగాలి. కూతురు చెయ్యి పట్టుకుని దించుతుంటే, ముసలామె మళ్ళీ అలాగే తెల్లబోయి చూసింది.

ఆ కూతురి పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.