అన్నపూర్ణ ఆంటీ అడిగిన కారణం

ఫ్రీమాంట్ స్టేషన్‌లో రైలు దిగి పార్కింగ్ వైపు నడుస్తుంటే, ముందు వెళ్తున్న కుర్రాళ్ళ దగ్గర నుంచి ఆ వాసన వచ్చింది. కిండర్‌గార్టెన్ చదివే మా అమ్మాయి ముక్కు మూసుకుని, “ఏంటమ్మా ఈ స్మెల్?” అంది. అన్నపూర్ణ ఆంటీ పూజగది వాసన అని నోటిదాకా వచ్చింది. గంజాయి వాసన పీలిస్తే పూజగది గుర్తొచ్చే మనిషిని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే కాబోలు. ఏం చెప్పాలో తోచక “కంపు చిమ్మే జంతువుందే, ఆ స్కంక్ అయ్యుంటుందిలే” అనేశాను.

అన్నపూర్ణ ఆంటీ, సూర్యం అంకుల్ అప్పట్లో మా పక్కింటివాళ్ళు. తెనాలి నుంచి పంతొమ్మిదివందల అరవైల చివర్లో అమెరికా వచ్చారు. అంకుల్ ఒక మందుల కంపెనీలో కెమిస్ట్‌గా చేసి రిటైరయ్యారు. నేను అక్కడ అద్దెకు దిగేనాటికి నాకింకా పెళ్ళి కాలేదు, నాది హెచ్-వన్ వీసా బతుకు. రూల్ అంటే గోడ, దాని పక్కనుంచి తల వంచుకుని నడిచిపోవాలి, అంతే నాకు తెలిసింది. అంకుల్ అలా కాదు. ఏ రూల్ గురించి చెప్పినా, “ఎవరన్నారమ్మా? ఎవర్ని అడిగి అన్నారు?” అనేవారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. పనీపాటా లేని పెద్దాయన అనుకునేదాన్ని.

ఆ తరవాతి ఏడాది ఆంటీకి కేన్సర్ అని తేలింది. కీమో మొదలయ్యాక ఆవిడ కడుపులో ఏదీ నిలవడం మానేసింది. వాంతులు ఆపే మందులన్నీ వాడి చూశారు, ఏదీ పనిచేయలేదు. పోపు వాసన తగిలితే చాలు, బాత్రూమ్‌కి పరుగు. చెంపలు లోపలికి పోయి, గాజులు మోచేతి దాకా జారేవి. చివరికి డాక్టర్ గొంతు తగ్గించి, గంజాయి వాడి చూడండి, ఈ రాష్ట్రంలో మందుగా తీసుకోవచ్చు అన్నాడు. ఆంటీ పెళ్ళికి ముందు హైస్కూల్లో సోషల్ చెప్పిన మనిషి. ఖాళీ రోడ్డు మీద కూడా స్టాప్ సైన్ దగ్గర కారు పూర్తిగా ఆపనిదే కదిలేది కాదు.

“గవర్నమెంటు వద్దన్నది నేను తినను” అంది.

“ఇక్కడ లీగలే అంటున్నాడుగా” అన్నారు అంకుల్.

“మరి వాషింగ్టన్‌లో, సెంట్రల్ గవర్నమెంటు?”

“వాళ్ళ చట్టం ప్రకారం ఇల్లీగల్.”

“ఇప్పుడు మనం ఏ చట్టం కింద ఉన్నాం?”

“రెండిటి కిందా.”

ఆంటీ కళ్ళు మూసుకుంది. “ఎందుకు వద్దన్నారో కనుక్కుని చెప్పండి. సరైన కారణమైతే ముట్టను. కాకపోతే తింటాను” అంది. భార్య నోట్లోకి నాలుగు మెతుకులు వెళ్ళాలంటే ఒక దేశం చట్టానికి కారణం వెతకాలి. అంకుల్ లైబ్రరీకి బయల్దేరారు. కంటి ఆపరేషన్ అయి ఆయన డ్రైవ్ చేయకూడదు కనక నేనే తీసుకెళ్ళేదాన్ని.

ఆంటీ మంచం పక్కన కుర్చీ వేసుకుని, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చెప్పేవారు. “ఒకప్పుడు ఇక్కడ మందుల షాపుల్లోనే సీసాల్లో అమ్మేవారట. డాక్టర్లే రాసిచ్చేవారు. తరవాత మెక్సికో నుంచి కూలీలొచ్చారు. వాళ్ళు పొగ తాగేవారు. వాళ్ళంటే జనానికి భయం. ఈ ఆకు తాగితే హత్యలు చేస్తారని పేపర్లు రాశాయి.”

“అది మనుషుల మీద కోపం. ఆకు సంగతి చెప్పండి.”

ఇంకోసారి పన్ను చట్టం సంగతి తెచ్చారు. నిషేధం అనకుండా పన్ను వేశారట, మామూలువాడు కట్టి బతికి బయటపడలేని పన్ను. “డాక్టర్లని అడగలేదా?” అంది ఆంటీ. “డాక్టర్ల సంఘం తరఫున ఒకాయన వెళ్ళి ఈ చట్టం వద్దన్నాడు. వినలేదు.” తరవాత డెబ్భైల్లో గంజాయిని మత్తుమందుల్లో అన్నిటికన్నా కఠినమైన జాబితాలో పెట్టారు. పరిశీలించమని వేసిన కమిటీ, కొంచెం దగ్గరున్నవాళ్ళని జైల్లో పెట్టొద్దని చెప్పింది. అదీ పక్కన పడేశారు.

“మరి మన దేశంలో? మా చిన్నప్పుడు గవర్నమెంటు లైసెన్సు కొట్లుండేవిగా?”

“ఎనభైల్లో మనవాళ్ళూ ఆపేశారు. భంగు ఆకు మాత్రం వదిలేశారు. అమెరికా ఒత్తిడి అంటారు.”

“అమెరికా ఎందుకు ఒత్తిడి చేసింది?”

అంకుల్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. “తెలియట్లేదు అన్నపూర్ణా. ఇది మంచిదని నేననను. గుండెదడ రావచ్చు, బుర్ర తిరగచ్చు. కానీ ఎందుకు ఆపారంటే, చదివేకొద్దీ నాకే తికమకగా ఉంది.”

అంత చదివిన పెద్దమనిషి తెలియదని అనడం నేను వినడం అదే మొదటిసారి. కారణమే లేదని ఆయన ఒక్క అబద్ధం చెబితే ఆవిడ తినేది, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా చెప్పలేదు.

“అయితే కారణం లేదన్నమాట” అంది ఆంటీ.

“ఉందేమో. నాకు దొరకలేదు.”

ఆంటీ దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. “సరే, దేవుడికి పెట్టి తింటాను” అంది. నైవేద్యం పెట్టనిదేదీ ఆవిడ తినేది కాదు.

మా ఊళ్ళో ఆ ఆకు అమ్మే కొట్టు లేదు, పక్క ఊరికి వెళ్ళాలి. రెండు వీధుల ఇవతలే అంకుల్ కారు ఆపించారు. “నువ్వు దిగకమ్మా. గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ ఉన్నదానివి. దీని జోలికెళ్ళినట్టు తేలితే నీ కేసు పోతుంది.”

“స్టేట్‌లో లీగలే కదా అంకుల్?”

“గ్రీన్‌కార్డ్ ఇచ్చేది స్టేట్ కాదుగా.”

ఆ ఆకు నేతిలో సన్నసెగన కాచి, వడకట్టి, ఆ నేతితో ఆయనే చిన్న రవ్వ ఉండ చేశారు. వంటింట్లో సామాన్లు పెట్టుకునే ప్యాంట్రీ తలుపు తీస్తే అదే వాళ్ళ పూజగది. ఇల్లంతా ఆ పచ్చివాసన, దాని మీద అగరొత్తులు. ఆంటీ గోడ పట్టుకుని నిలబడి, ఉండ చుట్టూ నీళ్ళు తిప్పి, దణ్ణం పెట్టుకుంది. తరవాత అలవాటు ప్రకారం చిటికెడు తుంచి ముందు నాకు అందించింది. “ఇందమ్మా, ప్రసాదం.”

నా చెయ్యి దానంతటదే ముందుకెళ్ళిపోయింది. అరచేతిలో పడ్డాక గానీ గుర్తు రాలేదు. ప్రసాదం కాదనలేను. తింటే ఇంటర్వ్యూలో ఏమని చెప్పను?

“దానికి ఇంటర్వ్యూ ఉందే!” అని అంకుల్ కేక పెట్టారు. ఆంటీ నాలుక్కరుచుకుంది. “కళ్ళకద్దుకుని నాకిచ్చెయ్” అని చెయ్యి చాచారాయన. అద్దుకుని ఇచ్చాను. నోట్లో వేసుకున్నారు. ఆ మధ్యాహ్నమంతా సోఫాలో నోరు తెరుచుకుని గుర్రుపెట్టి నిద్రపోయారు.

సాయంత్రం నేను చారన్నం మెత్తగా కలిపి పెట్టాను. ఆంటీ ఒక ముద్ద తిని, ఆగి, ఇంకో ముద్ద తింది. తరవాత గిన్నె నా వైపు జరిపి, “ఇంకొంచెం వెయ్యి” అంది. నేను సింక్ వైపు తిరిగి, కుళాయి తిప్పి, ఏడ్చాను.

ఆవిడ మరుసటి వేసవి దాకా ఉంది, అన్నం తింటూనే ఉంది. తరవాత కొన్నాళ్ళకు అంకుల్ కూడా వెళ్ళిపోయారు. ఇంటర్వ్యూలో ఆఫీసర్ మత్తుమందుల చట్టం ఎప్పుడైనా మీరారా అని అడిగితే, నో అన్నాను. తినలేదు, నిజమే. కానీ నా అరచేతిలో ఉన్న ఆ కాసేపు అది ప్రసాదమో నేరమో నాకు ఇప్పటికీ తెలియదు.

కార్‌లో సీట్ బెల్ట్ పెడుతుంటే మా అమ్మాయి మళ్ళీ అడిగింది. “అమ్మా, రియల్లీ స్కంకా?”

“కాదు తల్లీ. గంజాయి అని ఒక ఆకు.”

“ఈజ్ ఇట్ ఇల్లీగల్?”

“అవును. కాదు. రెండూ.”

“వై?”

“నాకు తెలీదు. సూర్యం తాత చాలా వెతికారు. ఆయనకీ దొరకలేదు.”

“సూర్యం తాత ఎవరు?”

కారు తాళం తిప్పబోతూ ఆగాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆంటీ గిన్నె జరిపి “ఇంకొంచెం వెయ్యి” అన్న దగ్గర మొదలుపెట్టాను.