క్లారమ్మ మఠానికి రెండు డజన్ల గుడ్లు

వసంతంలో స్పెయిన్ చూడడానికి వచ్చేవాళ్ళు ఏ బట్టలు సర్దుకోవాలో విర్తూదెస్‌ను అడిగితే చాలు, జవాబు నాలుక చివర ఉండేది. పొద్దున ఉన్ని, మధ్యాహ్నం నూలు, సాయంత్రం మళ్ళీ ఉన్ని. అది తమ ఊరు సెవియ్యా సంగతి. గ్రనాడా పోతే కొండ మీద మంచు, కింద వీధిలో ఎండ. దేన్ని నమ్మినా జలుబు తప్పదు. కాదిజ్‌లో తూర్పు గాలి లేచిందంటే మొగుడూ పెళ్ళాలు ఉత్తపుణ్యానికి తిట్టుకుంటారు. బుర్గోస్ వెళ్ళే ప్రబుద్ధులు ఇంట్లో ఉన్నవన్నీ చుట్టుకుని వెళ్ళాలి. మే నెల నలభయ్యో తారీకు దాకా, అంటే జూన్ తొమ్మిది దాకా, కోటు విప్పొద్దని పెద్దలు ఊరికే అనలేదు. గొడుగు మాత్రం తేవద్దనేది. గొడుగు తెస్తే వాన దాన్ని వెతుక్కుంటూ వస్తుందట.

మార్చి నుంచి మే దాకా ఆమె తన వెనక గది అద్దెకిచ్చేది. ముందుగా అడిగేవాళ్ళకు కింది అంతస్తు టీచరమ్మ జవాబులు రాసి పెట్టేది. తను చెప్పింది చెప్పినట్టు రాయకుండా టీచరమ్మ నాజూకు చేస్తోందని విర్తూదెస్‌కు అనుమానం. విర్తూదెస్ బడికి వెళ్ళింది రెండేళ్ళే. తొమ్మిదో ఏట చేతికి ఇస్త్రీపెట్టె వచ్చింది, యాభై ఎనిమిదో ఏటికీ దిగలేదు. ఈస్టరు ముందటి పవిత్ర వారం ఊరేగింపులకు తమ పేట చర్చి సంఘం వాళ్ళు వేసుకునే ఊదా అంగీలు నాలుగు వందలు ఏటా ఆమె చేతి కింద నుంచే వెళ్ళేవి. మడతలో ఒక్క ముడత కనిపిస్తే నా పేరు మార్చుకుంటానని సవాలు చేసేది. ఎవరూ మార్పించలేకపోయారు.

ఆమె మొగుడు ఎవారిస్తో ఆ సంఘం వాళ్ళ మరియమ్మ పల్లకికి ముప్ఫై ఒక్క ఏళ్ళు బోయీ. మెడ వెనక దూలం ఆనే చోట అతనికి కోడిగుడ్డంత కాయ కాసింది. మోసేవాళ్ళు పల్లకి కింద, మఖమలు తెరల చాటున నడుస్తారు. ముందు నడిచేవాడి మడమలు తప్ప వాళ్ళకేమీ కనిపించదు. కిందటేడు సగం దారిలో దగ్గు తెర తెరలుగా వచ్చి అతన్ని తెరల కింద నుంచి బయటికి లాగవలసి వచ్చింది. ఈ జనవరిలో డాక్టరు విర్తూదెస్‌ను వరండాలోకి పిలిచి, ఊపిరితిత్తులు అయిపోయాయి, వేసవి చూడడం కష్టమే అన్నాడు. ఆమె మొగుడికి చెప్పలేదు. అతను అడగలేదు. అడిగింది ఒక్కటే. పవిత్ర వారంలో బుధవారం మధ్యాహ్నం పల్లకి తమ వీధిన వచ్చేటప్పుడు తనను బాల్కనీలో కూర్చోబెట్టాలి.

"గుళ్ళో ఎన్నిసార్లయినా చూశాను. నడుస్తుంటే ఎలా ఉంటుందో చూడలేదే నేను. ముప్ఫై ఏళ్ళు నడిపించింది నేనే గాని," అన్నాడు.

అది జరగాలంటే వాన రాకూడదు. చినుకు పడితే బంగారు రేకూ పట్టు దుప్పటీ పాడవుతాయని పల్లకి గుమ్మం దాటనివ్వరు. వాన రాకుండా క్లారమ్మ మఠంలోని కన్యాస్త్రీలకు డజను గుడ్లు ఇవ్వాలి, వాళ్ళు ప్రార్థన చేస్తారు. పెళ్ళిళ్ళవాళ్ళు ఇస్తారు, ఊరేగింపులవాళ్ళు ఇస్తారు. దేవుడు లేడని వాదించే బార్బరు కూడా కూతురి పెళ్ళికి చాటుగా ఇచ్చి వచ్చాడు. విర్తూదెస్ ఏటా ఇచ్చేది.

ఈ ఏడు ఎవారిస్తో చెల్లెలు కాసిల్డా అడ్డం పడింది. ఆమె ఎస్తేపా వైపు పల్లెలో, తాతగారు నాటిన రెండు వందల ఆలివ్ చెట్ల మీద బతుకుతోంది. వదినా ఆడపడుచూ ప్రతి ఆదివారం గంటసేపు ఫోనులో ఊరందరినీ చాకిరేవు పెట్టేవాళ్ళు. ఊరేగింపుకు ముందు ఆదివారం కాసిల్డాకు ఎవరి మీదా చాడీ లేదు. కరువు మూడో ఏడు. పూతకు ముందు ఈ వారం మబ్బు కురిస్తే చెట్లు నిలుస్తాయి. లేకపోతే పీకించేస్తామని కొడుకులు అంటున్నారు.

"వదినా, ఈ ఒక్క ఏడు గుడ్లు ఇవ్వకు," అంది.

సెవియ్యా అంతా మోసుకుపోతుంటే నా డజనుతోనే ఆగిపోతుందా మబ్బు, అని విర్తూదెస్ దబాయించింది.

"ఊరంతా ఇవ్వనీ. మనింటి నుంచి వెళ్ళకూడదు."

పక్క గదిలోంచి ఎవారిస్తో విన్నాడు. ఫోను పెట్టేశాక పిలిచి, ఇవ్వొద్దన్నాడు. తను చూడకపోతే వచ్చే నష్టం ఏమీ లేదనీ, ఆ చెట్లు మాత్రం తాత చేతివనీ అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇచ్చేది లేదని విర్తూదెస్ మాట ఇచ్చింది. మనస్ఫూర్తిగానే ఇచ్చింది.

సోమవారం పడమటి సముద్రం మీంచి మబ్బులు రావడం మొదలైంది. బుధవారం వాన నూటికి డెబ్బై పాళ్ళని రేడియోలో చెప్పారు. వాన పడితే పడనీ అన్న ఎవారిస్తో పొద్దున్నే కుర్చీ బాల్కనీలోకి జరిపించుకుని, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాడు. మంగళవారం కూడా అంతే. పదకొండింటికి లోపలికి వచ్చి, ఏదో మాటల్లో గుర్తొచ్చినట్టు, తన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంచమన్నాడు.

ఆ చొక్కా ఇస్త్రీ చేస్తూండగానే ఆమె మాట తప్పింది. ఎంత పోట్లాడినా లొంగని మనిషిని చొక్కా లొంగదీసింది. అంగీలు ఇచ్చి వస్తానని చెప్పి, బుట్టలో అంగీల కింద రెండు డజన్ల గుడ్లు పెట్టుకుని మఠానికి నడిచింది. అక్కడ కన్యాస్త్రీల మొహం కనబడదు. గోడలో తిరిగే చెక్క అర ఉంటుంది. అందులో పెడితే అవతల తిప్పుకుంటారు.

"ఏ రోజుకమ్మా?" అంది అవతల ముసలి గొంతు.

"రేపటికి."

"రేపు ఏముంది?"

"మా ఆయన ఉన్నాడు," అంది విర్తూదెస్.

 తర్వాత అర తిరిగింది.

బుధవారం పొద్దుటి నుంచి ఆకాశం బొగ్గుల బస్తాలా వేలాడింది. సంఘం పెద్దలు ఒక గంట ఆగి చూద్దామన్నారు, ఆ తర్వాత ఇంకో గంట అన్నారు. నాలుగింటికి గాలి తిరిగింది. మబ్బు కదిలింది, ఒక్క చినుకైనా రాల్చకుండా ఎస్తేపా కొండలు దాటి తూర్పుకు పోయింది. ఆరు కాకముందే బూరల మోత వినబడింది.

పల్లకి నడిపించే మేస్త్రీకి ఎవారిస్తో తెలుసు, కింద మోసేవాళ్ళందరికీ తెలుసు. బాల్కనీ కిందికి రాగానే పల్లకి ఆపి, అంగుళం అంగుళం తిప్పి, అమ్మ మొహం అతనికి ఎదురుగా నిలబెట్టారు. ఒక్క ఊపున పైకెత్తారు.  ఎవారిస్తో ఏడవలేదు. కమ్మీ పట్టుకుని, తెల్ల చొక్కా గుండీ దాకా గొట్టం వేలాడుతుంటే, పల్లకి పందిరిని మోసే వెండి కడ్డీల ఊగులాట వంకే చూశాడు. పల్లకి మలుపు తిరిగి పోయాక పెళ్ళాం వైపు తిరిగాడు.

"గుడ్లు ఇవ్వకపోయినా వచ్చింది, చూశావా? నాకోసమే వచ్చింది."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో మొగుడి మాటకు ఎదురు జవాబు చెప్పకుండా ఒక్కటీ వదలని మనిషి, దుప్పటి తెస్తానని లోపలికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ అంతా పొడిగానే పోయింది. మే మొదట్లో ఎండలు ముదిరాయి. పల్లెలో పూత మాడి రాలిందని కబురు వచ్చింది. ఎవారిస్తో చూడవచ్చిన ప్రతివాడికీ అదే కథ చెప్పాడు. ఈసారి మనం గుడ్లు ఇవ్వలేదు, తనంతట తనే వచ్చిందీ అని. చెప్పిన ప్రతిసారీ మొహంలోకి రంగు వచ్చేది. విర్తూదెస్ పక్కన నిలబడి తల ఊపేది. మే రెండో వారంలో, అదే మాట సగంలో ఉండగా, అతను నిద్రలోకి జారి మళ్ళీ లేవలేదు.

అన్న మట్టికి కాసిల్డా వచ్చింది. మర్నాడు బస్సుకు ముందు ఇద్దరూ వంటింట్లో కాఫీ తాగారు. కాసిల్డా కప్పులోకి చూస్తూ అడిగింది.

"వదినా, ఒక్కటే అడుగుతాను. ఇచ్చావా?"

లేదంటే సరిపోయేది. చచ్చిపోయేవాడితో అన్ని వారాలు అబద్ధం ఆడినదానికి బతికున్నదానితో ఆడడం ఒక లెక్కా? కాని అతని కోసం ఆడిన అబద్ధం వేరు, తనను కాపాడుకోవడానికి ఆడేది వేరు. ఆ రెండోది విర్తూదెస్ పుట్టినప్పటి నుంచీ ఆడలేదు.

"ఇచ్చాను. డజను కాదు, రెండు."

"అన్నయ్యకు తెలుసా?"

"తెలీదు."

కాసిల్డా లేచి తన కప్పు కడిగింది. తుడిచింది. తడి లేకపోయినా మళ్ళీ తుడిచింది.

"మా ఇంట్లో నువ్వు ఇవ్వలేదనే చెప్తాను. పిల్లలకు ఎవరి మీదో ఒకరి మీద కోపం కావాలి. అది నీ మీదికి రానివ్వను," అంది. సంచీ తీసుకుని మెట్లు దిగిపోయింది.

గుడ్లకు వాన ఆగదని విర్తూదెస్‌కు తెలియదా? ఆ రోజు గాలి ఎందుకు తిరిగిందో రేడియోలో వివరంగానే చెప్పారు. ఆడపడుచు చేతులు పట్టుకుని, నా వల్ల కాదే పిచ్చిదానా, అది గాలి పని, అని చెప్పెయ్యవచ్చు. కాని చెట్లు ఎండడం తన వల్ల కాకపోతే, ఆ బుధవారం సాయంత్రం కూడా తన వల్ల కాదు. మొగుడికి కడసారి తను ఇచ్చింది అదొక్కటే. దాన్ని గాలికి ఇచ్చెయ్యడానికి మనసొప్పలేదు. అందుకని కిటికీలోంచి, కాసిల్డా వీధి దాటి బస్సు ఎక్కేదాకా చూస్తూ నిలబడింది.

ఆ ఆదివారం ఫోను మోగలేదు. చెట్లు పీకించే పనిలో తీరిక లేదేమో అనుకుంది. తర్వాతి ఆదివారం కూడా మోగలేదు. మూడో ఆదివారం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తనే చేసింది. కాసిల్డా గొంతు వినగానే, కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఎండలు ఎలా ఉన్నాయి అక్కడ?" అంది కాసిల్డా.

"నలభై."

"ఇక్కడా అంతే."

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ ఆ మాటే మాట్లాడుకుంటారు. అంతకు మించి రెండు నిమిషాలు పట్టదు.