నిచ్చెన కథ చెప్పిన పిల్ల

మా గడీలో వెట్టికి జొన్నలు దంచే పిల్ల రోకలి ఆపకుండా రాబోయే కాలం కథలు చెప్పేది. ఇనుప పట్నంలో దొరలు పై అంతస్తు దిగక, నేల తొక్కక, వాళ్ల కాళ్లు బెండకాయలంత అయ్యాయట. కింది అంతస్తు పిల్ల ఒకతి వాళ్ల నిచ్చెన పట్టుకుందట.

"గుంజిందా?" అన్నాను, అరుగు మీంచి.

"కింద కూసుంటే చెప్త, చిన్నదొరా."

గడీవాళ్లం నేల మీద కూర్చోం. అయినా కూర్చున్నాను. అది చూసి మా బాపు, పెద్దదొర, పిల్ల మీద కొరడా ఎత్తాడు, ఎత్తి ఆగాడు. చాటు నుంచి ఆయనా విన్నాడేమో.

"ఇంతకు గుంజిందా?" అన్నాడు.

"నీ బాంచెను, మీరు గూడ కూసోండ్రి."

బాపు కొరడా చంకలో పెట్టుకొని కూర్చున్నాడు.

"గుంజే పనే పడలె దొరా. వాళ్లే దిగిండ్రు."

ఇప్పుడు అందరూ మమ్మల్ని గడీ నుంచి ఊరే దించిందంటారు. అబద్ధం. కథ కోసం మేమే దిగాం.